థార్‌కు లిఫ్ట్ కిట్ కొనే ముందు బండిని వేబ్రిడ్జి ఎక్కించండి

నమస్తే అండి. మీరు అడిగింది ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, ఎక్కడైనా తప్పుంటే సరిదిద్దండి. మీది 2022 మహీంద్రా థార్, ఎల్‌ఎక్స్ డీజిల్, హార్డ్‌టాప్. ఉండేది ఖమ్మంలో. వారానికి రెండు మూడుసార్లు డొంకదారిలో పొలానికి వెళ్తారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మిత్రులతో మారేడుమిల్లి, వచ్చే ఏడాది హిమాచల్‌లోని స్పితి. కాలువ గట్టు ఎక్కి దిగేటప్పుడు బండి కింద తగులుతోంది. షాపులో 4 ఇంచుల లిఫ్ట్ కిట్, అంటే బండి ఎత్తు పెంచే సామాను వేద్దాం అన్నారు. మీ స్నేహితుడేమో పక్‌లు, అంటే స్ప్రింగుల దగ్గర ఎత్తు కోసం పెట్టే దిమ్మల్లాంటి స్పేసర్లు పెట్టిస్తే తక్కువలో అయిపోతుంది అంటున్నాడు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, ఆయన కూడా ఇదే బండి ఎక్కాలి.

4 ఇంచులు వద్దండి. ముందు చక్రాలకు పక్‌లు కూడా వద్దు. మొదట టైర్ల సంగతి చూడండి. ఆ తర్వాత కూడా ఎత్తు కావాలనిపిస్తే, మీ బండి అసలు బరువుకు సరిపడే స్ప్రింగులు, వాటికి జతగా వచ్చే షాక్ అబ్జార్బర్లు కలిపి వేయించండి. ఎత్తు 40 నుంచి 50 మి.మీ. దాటొద్దు. ఇలా ఎందుకు అంటున్నానో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది డబ్బుతో పాటు మీ ఇంట్లోవాళ్ళ ప్రాణాలకు సంబంధించిన పని.

ముందు ఒక చాప వేసుకుని బండి కిందకు దూరి, ఎక్కడ గీరుకుపోయిందో చూడండి. చాలామంది ఈ పని చేయకుండానే కిట్ కొంటారు. వెనక యాక్సిల్ మధ్యలో గుండులా కనిపించే డిఫరెన్షియల్‌కు గీతలు పడ్డాయా? లేక బండి నడుముకు, అంటే ముందు, వెనక చక్రాల మధ్యనున్న ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ శక్తిని ముందు వెనక చక్రాలకు పంచే పెట్టె) ప్లేటుకో, సైడ్ స్టెప్పుకో పడ్డాయా? ఈ రెండింటికీ మందు వేరు.

థార్ వెనక యాక్సిల్ ఒకే గట్టి కడ్డీ లాంటిది. చక్రాలు నేల మీద ఉంటాయి, యాక్సిల్ చక్రాలకు ఉంటుంది. స్ప్రింగులు ఎంత పొడుగువి వేసినా పైకి లేచేది బాడీ, ఛాసిస్ మాత్రమే. వెనక డిఫరెన్షియల్ ఒక్క మి.మీ. కూడా లేవదు. ముందు వైపు కథ వేరు. అక్కడ డబుల్ విష్‌బోన్ ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రం పైనా కిందా ఉన్న రెండు ఆర్మ్‌ల మీద విడివిడిగా కదులుతుంది; డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది కాబట్టి లిఫ్ట్‌తో అది కూడా లేస్తుంది. కంపెనీ ఈ బండికి చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ 226 మి.మీ. రాయి వెనక డిఫరెన్షియల్‌కు తగిలే దారిలో ఎంత ఖర్చు పెట్టి లిఫ్ట్ చేసినా ఆ రాయి మళ్ళీ అక్కడే తగులుతుంది.

దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే. మీ బండికి వచ్చిన 255/65 ఆర్18 టైరు ఎత్తు సుమారు 789 మి.మీ. 275/65 ఆర్18 వేస్తే సుమారు 815. తేడా 26 మి.మీ., అందులో సగం, అంటే 13 మి.మీ. యాక్సిల్ పైకి లేస్తుంది. చిన్న అంకెలా అనిపిస్తుంది కానీ డిఫరెన్షియల్‌కు నిజంగా దక్కేది అదే. బదులుగా స్పీడోమీటర్ 100 చూపిస్తున్నప్పుడు బండి ముందటి కంటే 3 శాతం ఎక్కువ వేగంలో ఉంటుంది, పికప్ కొంచెం మొద్దుబారుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకునే అవకాశమూ ఉంది. కొనే ముందు ఒక టైరు ఎక్కించి, రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడమనండి.

ఖమ్మం చుట్టుపక్కల నల్లరేగడి సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. వాన పడ్డాక అది టైరు గాళ్ళలో సిమెంటులా నిండిపోతుంది. అప్పుడు పట్టు ఇచ్చేది ఎత్తు కాదండి, తనను తాను శుభ్రం చేసుకునే టైరు గాడి, తగ్గించిన గాలి. పొలం దారిలో 20-22 పీఎస్ఐకి దించి, తారు రోడ్డు ఎక్కగానే మళ్ళీ తలుపు స్టిక్కర్ మీద రాసిన ప్రెషర్‌కు నింపుకోండి. ఒక చిన్న కంప్రెసర్, సరైన గేజీ కొనుక్కుంటే చాలు. నాతో వచ్చిన చాలామంది మొదట లిఫ్ట్ గురించి అడిగి, గాలి దించి నడపడం అలవాటయ్యాక ఆ మాటే మర్చిపోయారు.

ఇక మీ కాలువ గట్టు. ముందు చక్రాలు దాటాక నడుము దగ్గర తగులుతోంది అంటే అది ర్యాంప్‌ఓవర్ కోణం, అంటే నడుము తగలకుండా దాటగల గట్టు వాలు సమస్య. మూడు తలుపుల థార్‌కు ఈ కోణం 27 డిగ్రీలు, చక్రాల మధ్య దూరం 2450 మి.మీ. ఇక్కడ లిఫ్ట్ నిజంగా పనికొస్తుంది. బాడీ 50 మి.మీ. లేస్తే ఆ కోణం సుమారు 4 నుంచి 5 డిగ్రీలు పెరుగుతుంది. గట్టు మీద తగలడానికీ తగలకపోవడానికీ మధ్య తేడా చాలాసార్లు అంతే ఉంటుంది. ఐదు తలుపుల థార్ రాక్స్ ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకో మాట: మీ బండి చక్రాల మధ్య దూరం 2850 మి.మీ. కాబట్టి నడుము తగిలే బాధ మీకు ఇంకా ఎక్కువ, అందుకే లిఫ్ట్ విలువ మీకు మరింత తెలుస్తుంది. కానీ పై వేరియంట్లలో ఉండే కెమెరా, రాడార్ సిస్టమ్ ఫ్యాక్టరీ ఎత్తుకు సెట్ చేసినది. ఎత్తు మారాక దాన్ని మళ్ళీ కాలిబ్రేట్ చేయగలరా అని సర్వీస్ సెంటర్‌ను రాతపూర్వకంగా అడిగాకే చెయ్యి పెట్టండి. అప్రోచ్ కోణం, అంటే ముందు బంపర్ తగలకుండా ఎక్కగల వాలు గురించి మీరు దిగులు పడక్కర్లేదు, థార్‌కు అది 41.8 డిగ్రీలు, మీరు తిరిగే దారులకు కావలసినంత ఉంది.

ఇప్పుడు పక్‌ల గురించి. ఇది నా ఒంటి మీదకు వచ్చిన పాఠం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

నా మొదటి బండి పాత థార్ సీఆర్‌డీఈ. దానికి ముందు వైపు టార్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వెనక పట్టీల స్ప్రింగులు ఉండేవి. టార్షన్ బార్ బోల్టు బిగిస్తే ముందు భాగం పైసా ఖర్చు లేకుండా లేస్తుంది. ఒక గ్యారేజీలో దాదాపు 2 ఇంచులు లేపించుకున్నాను. చూడ్డానికి ఎంతో బాగుంది. మొదటి వారంలోనే ప్రతి స్పీడ్ బ్రేకర్ దిగగానే ముందు నుంచి 'ఠక్' మని సుత్తితో కొట్టినట్టు శబ్దం. చక్రం కిందకు దిగడానికి చోటు మిగల్లేదు, షాకర్ (షాక్ అబ్జార్బర్) పూర్తిగా సాగి చివర తగులుతోంది. నాలుగు నెలల తర్వాత వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్ళి వస్తుంటే డ్రైవ్ షాఫ్ట్ మీది రబ్బరు బూటు చిరిగి గ్రీజంతా చక్రం లోపల చిమ్మింది. ఆ రాత్రి మా చిన్న పాపతో రోడ్డు పక్కన నిలబడి రికవరీ బండి కోసం ఎదురు చూశాం. అదే దెబ్బ ఘాట్ రోడ్డు మలుపులో పడి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

జరిగింది ఇదే. సస్పెన్షన్ చక్రానికి పైకి వెళ్ళడానికి కొంత, కిందకు దిగడానికి కొంత చోటు ఇస్తుంది. మొత్తం ప్రయాణం 200 మి.మీ. అనుకుందాం, పైకి వంద, కిందకు వంద. షాకర్ మార్చకుండా స్ప్రింగును నొక్కి పెట్టే పక్ వేసి 50 మి.మీ. లేపితే కిందకు దిగే వంద కాస్తా 50 అవుతుంది. గుంతలో చక్రం దిగి నేలను పట్టుకోవాల్సిన చోట గాల్లో వేలాడుతుంది. ఎత్తయితే పెరిగింది, పట్టు సగమైంది.

ఇంకో రకం పక్ స్ట్రట్ (స్ప్రింగు, షాకర్ కలిసిన భాగం) పైభాగానికీ ఛాసిస్‌కూ మధ్య వేస్తారు. దాంట్లో స్ప్రింగు నొక్కుకోదు, ప్రయాణ అనుభూతి మారదు, అందుకే బాగుందనిపిస్తుంది. కానీ స్ట్రట్ మొత్తం కిందకు జరిగినట్టు. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు, ఆర్మ్‌లు ఎంత కోణం వరకు తట్టుకోవాలని కంపెనీ తయారు చేసిందో ఆ హద్దు దాటి కిందకు దిగుతాయి. బాల్ జాయింట్, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ రెండూ చివరి కోణంలో పనిచేస్తాయి. పైగా డబుల్ విష్‌బోన్‌లో స్ట్రట్ కింది ఆర్మ్‌కు మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది కాబట్టి, పక్ మందం కంటే చక్రం దగ్గర లిఫ్ట్ ఎక్కువ వస్తుంది. 'ఒక్క ఇంచు పక్కే కదా' అని వేయించుకున్నవాళ్ళకు ఈ సంగతి అలైన్‌మెంట్ షాపులో తెలుస్తుంది. వెనక మాత్రం గట్టి యాక్సిల్ కాబట్టి, సామాను మోసేవాళ్ళు బండిని సమంగా నిలబెట్టడానికి 20 మి.మీ. వరకు పక్ వేసుకుంటే నేను పెద్దగా అభ్యంతరం చెప్పను.

4 ఇంచులు వద్దన్నదీ ఇందుకే. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండికి 100 మి.మీ. సక్రమంగా లేపాలంటే డిఫరెన్షియల్‌ను కిందకు దించే బ్రాకెట్లు, వేరే స్టీరింగ్ నకిల్స్, పొడుగు బ్రేక్ గొట్టాలు, ఇలా సగం బండి మారాలి. అవేవీ లేకుండా 4 ఇంచులు అని ఎవరైనా అంటే, ఆ పెట్టెలో ఏమేమి వస్తాయో జాబితా అడగండి. పొట్టి, సన్నటి, ఎత్తయిన బండి ఇది. బరువు ఇంకా పైకి పోయాక ఘాట్‌లో ఎదురుగా లారీ వచ్చి ఒక్కసారి స్టీరింగ్ కోయాల్సి వస్తే, ఆ ఎత్తే బండిని బోల్తా కొట్టిస్తుంది.

సరే, మంచి కిట్‌ను ఎలా ఎంచుకోవాలి? ఇక్కడికే టైటిల్‌లో మాట వస్తుంది.

స్ప్రింగు ఎత్తును బట్టి కాదు, బరువును బట్టి కొనాలి. పేరున్న తయారీదారులెవరైనా ఒకే బండికి రెండు మూడు రకాల స్ప్రింగులు ఇస్తారు: ముందు మామూలు బంపర్‌కు ఒకటి, స్టీల్ బంపర్, విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) ఉన్నవాళ్ళకు ఒకటి, వెనక ఖాళీగా తిరిగేవాళ్ళకు ఒకటి, ఎప్పుడూ సామాను మోసేవాళ్ళకు ఒకటి. తక్కువ బరువుకు గట్టి స్ప్రింగు వేస్తే బండి చెప్పినదానికంటే ఎత్తు లేచి, ప్రతి గతుకులో నడుము విరిగినట్టు కుదుపుతుంది. ఎక్కువ బరువుకు మెత్తటిది వేస్తే ఆరు నెలల్లో కూలబడుతుంది. లెక్క చూడండి. చక్రం దగ్గర మి.మీ.కు 25 న్యూటన్ల గట్టిదనం ఉన్న స్ప్రింగు అనుకుంటే, యాక్సిల్ మీద వంద కిలోలు పెరగగానే ఒక్కో చక్రానికి 50 కిలోలు, సుమారు 20 మి.మీ. కుంగుతుంది. మీరు కొన్న 40 మి.మీ. లిఫ్ట్‌లో సగం ఆ సామానే తినేసింది.

అందుకే ముందు బరువు తెలియాలి. మిర్చి మార్కెట్ వైపు వేబ్రిడ్జిలకు కొదవ లేదు కదా. ట్యాంకు నిండా డీజిల్ పోయించి, మీరు మామూలుగా తిరిగే సరంజామాతో వెళ్ళండి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒక స్లిప్పు, బండి మొత్తం ఎక్కించి ఒకటి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఇంకొకటి తీసుకోండి. తర్వాత ఇంకో రోజు స్పితికి వెళ్ళేటంత సామాను, నలుగురు మనుషులతో మళ్ళీ అదే చేయండి. ఈ ఆరు స్లిప్పులు మీ దగ్గర ఉంటే షాపువాళ్ళు ఊహ మీద స్ప్రింగు అంటగట్టలేరు. మీరు వేసుకోవాలనుకునే వస్తువులు కూడా కలుపుకోండి. 9,500 పౌండ్ల విన్చ్ స్టీల్ తాడుతో 40 కిలోల దగ్గర ఉంటుంది, అదంతా ముందు యాక్సిల్ కంటే ముందుకు వేలాడే బరువు. మీ పొలం దారికి విన్చ్ అవసరం లేదని నా అభిప్రాయం. మంచి రికవరీ తాడు, బురదలో చక్రాల కింద పెట్టే రెండు ట్రాక్షన్ బోర్డులు, తోడుగా ఇంకో బండి ఉంటే చాలు.

షాక్ అబ్జార్బర్ల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. డబ్బు పెట్టాల్సింది అక్కడే. స్పితి నుంచి కుంజుమ్ దాటి బాతల్, గ్రాంఫూ వైపు వచ్చే దారిలో గంటల తరబడి రాళ్ళ మీదే నడపాలి. షాకర్ చేసే పని కుదుపును వేడిగా మార్చడం. ఆపకుండా కుదుపులు పడితే లోపలి నూనె కాగిపోయి, గాలి బుడగలు కలిసి నురగ అవుతుంది. అప్పుడు షాకర్ పట్టు వదిలేసి బండి పడవలా ఊగుతుంది. నైట్రోజన్ గ్యాస్ నింపినవి, లావు పిస్టన్, ఎక్కువ నూనె ఉన్నవి ఆ వేడిని ఎక్కువసేపు తట్టుకుంటాయి. మోనోట్యూబ్ (ఒకే గొట్టం) రకం వేడిని త్వరగా వదిలేస్తుంది, కానీ బయటి గొట్టానికి రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటుంది. గొట్టంలో ఇంకో గొట్టం ఉండే ట్విన్ ట్యూబ్‌కు ఆ భయం తక్కువ, ప్రయాణమూ కొంచెం మెత్తగా ఉంటుంది. నాన్నగారు కూర్చునే బండి, నెలలో ఇరవై రోజులు మామూలు రోడ్డు కాబట్టి మీకు మంచి గ్యాస్ ట్విన్ ట్యూబ్ సరిపోతుంది. రిజర్వాయర్ డబ్బాలు తగిలించినవి మీ వాడకానికి అనవసరం.

ఓల్డ్ మ్యాన్ ఇము, ఐరన్‌మ్యాన్ లాంటి ఆస్ట్రేలియా బ్రాండ్లు, థాయిలాండ్ ప్రొఫెండర్, జర్మనీ బిల్‌స్టీన్, ఇలా చాలా పేర్లు వింటారు. బ్రాండు కంటే నేను చూసేవి మూడు: స్ప్రింగు, షాకర్ ఒకదానికొకటి జతగా డిజైన్ చేసినవేనా, రెండేళ్ళ తర్వాత ఒక్క షాకర్ లీకైతే ఆ ఒక్కటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దొరుకుతుందా, షాపువాళ్ళు మీ బరువు స్లిప్పులు అడిగారా. మూడోది అడగకుండానే బిల్లు రాయబోతే ఆ షాపు నుంచి బయటికి వచ్చేయండి. ఒక బ్రాండు స్ప్రింగులు, ఇంకో బ్రాండు షాకర్లు కలిపి చవకగా ఇస్తామన్నా ఒప్పుకోకండి. గట్టి స్ప్రింగు ఎగరేసే ఊపును మెత్తటి షాకర్ ఆపలేదు.

బిగించే రోజు మీరు దగ్గరుండండి. మొదలుపెట్టక ముందే చదునైన నేల మీద ప్రతి చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు వరకు కొలిచి రాసుకోండి, అయిపోయాక మళ్ళీ కొలవండి. చాలామంది మెకానిక్‌లు ఒక పొరపాటు చేస్తారు: బండి లిఫ్ట్ మీద గాల్లో ఉండగానే ఆర్మ్‌ల బుష్ బోల్టులు చివరి వరకు బిగించేస్తారు. అలా చేస్తే బండి కిందకు దిగగానే రబ్బరు బుష్ మెలిపడిన స్థితిలోనే ఉండిపోయి కొన్ని నెలల్లో చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆ బోల్టుల చివరి బిగింపు జరగాలి, టార్క్ రెంచితో. తర్వాత చక్రాలు పూర్తిగా వేలాడదీసి, స్టీరింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పించి చూడండి. బ్రేక్ గొట్టం గానీ ఏబీఎస్ వైరు గానీ తీగలా బిగుసుకుంటే అక్కడే ఆపించండి. పై కంట్రోల్ ఆర్మ్ స్ప్రింగుకు తగలకూడదు.

ఆ రోజే అలైన్‌మెంట్ చేయించి ప్రింటు తీసుకోండి. టో (చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) సరిచేస్తే సరిపోదు, క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం), క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) కూడా హద్దులో ఉండాలి. క్యాస్టర్ తగ్గితే హైవే మీద స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు, బండి అటూ ఇటూ తచ్చాడుతుంది. హద్దులోకి రాకపోతే మార్చుకోదగ్గ పై కంట్రోల్ ఆర్మ్‌లు వేయాల్సి వస్తుంది, బడ్జెట్‌లో దానికి చోటు ఉంచుకోండి. మారుతి జిమ్నీ వాళ్ళకు ఈ బాధ ఇంకో రూపంలో వస్తుంది. దానికి ముందు కూడా గట్టి యాక్సిలే కాబట్టి లిఫ్ట్ చేస్తే యాక్సిల్ తిరిగి క్యాస్టర్ పడిపోతుంది, యాక్సిల్‌ను పక్కకు జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్ కోణం మారి యాక్సిల్ ఓ పక్కకు జరుగుతుంది. క్యాస్టర్ బుష్‌లు, మార్చుకోదగ్గ పాన్‌హార్డ్ రాడ్ కలిపి కొనాలి. హెడ్‌లైట్లు కూడా కిందకు సరిచేయించండి, లేకపోతే ఎదుటివాళ్ళ కళ్ళలో కొడతాయి. 500 కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మరోసారి చూపించి, స్ప్రింగులు సర్దుకున్నాక ఇంకోసారి అలైన్‌మెంట్ చేయించండి.

చట్టం సంగతి దాచిపెట్టకుండా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న, కంపెనీ ఇచ్చిన మూల స్పెసిఫికేషన్లు మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష కూడా చట్టంలో ఉన్నాయి. స్టీల్ బుల్ బార్ల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అందుకని ఏదైనా చేయించే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఈమెయిల్ రాసి జవాబు దాచుకోండి, వారంటీలో ఏ భాగాలు పోతాయో సర్వీస్ సెంటర్‌లో రాయించుకోండి. 'అందరూ వేయించుకుంటున్నారు కదా' అన్న మాట క్లెయిమ్ తిరస్కరించిన రోజు పనికిరాదు.

నాన్నగారి విషయానికి వస్తే, 50 మి.మీ. అంటే మామూలు మనిషికి లెక్కలోది కాదు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు అది ఇంకో మెట్టు. కిట్ కొనకముందే రెండు ఇంచుల మందం పలకల మీద నాలుగు చక్రాలూ ఎక్కించి ఆయన్ని ఎక్కి దిగమనండి. ఆయన ముఖంలో ఇబ్బంది కనిపిస్తే లిఫ్ట్ మాట పక్కన పెట్టి, టైర్లు, నడుము కింద మందపాటి స్కిడ్ ప్లేటు (రాళ్ళ దెబ్బ ఆపే రేకు), గట్టు దగ్గర రెండు తట్టల మట్టితో ఆపండి. గట్టును కొంచెం వాలుగా చేసుకోవడం కంటే చవకైన లిఫ్ట్ కిట్ లేదు, మీ పొలమే కాబట్టి అది మీ చేతిలో పనే.

ఇంకొక్కటి. లిఫ్ట్ వేశాం కదా అని వాగుల్లో దిగకండి. ఈ బండికి కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మి.మీ., అది నిలిచి ఉన్న నీటికి. పారే నీరు మోకాలి లోతులోనే బండిని చప్టా మీద నుంచి నెట్టేస్తుంది. 2024 సెప్టెంబరులో మున్నేరు వరద ఏం చేసిందో ఖమ్మం వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

ముందు బండి కింద గీతలు ఎక్కడ పడ్డాయో ఫొటో, వేబ్రిడ్జి స్లిప్పుల అంకెలు ఇక్కడ పెట్టండి. ముందు వెనక ఏ బరువు రకం స్ప్రింగు అడగాలో వాటిని చూసి చెప్తాను. ఈలోపు షాపులో అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.